కిరాణా కొట్టు గోళీలు

ఈ రోజు లచ్చవ్వ మీద గట్టిగా అరిచాను. పెద్దావిడ మీద అరిచినందుకు బాధగానే ఉంది, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

బోధన్‌లో నేను కాంపౌండర్‌గా పనిచేసే దవాఖానాలో ఆమెకు ఉబ్బసానికి కొత్తగా స్టెరాయిడ్ గోళీలు ఇస్తున్నాం. పొద్దున కళ్లు తిరుగుతున్నాయని, దొడ్డికి నల్లగా అవుతోందని వచ్చింది. కడుపులో నెత్తురు కారుతోందన్నారు డాక్టరుగారు. ఆమె సంచి విప్పి చూస్తే పొట్లం నిండా యాస్పిరిన్!

"గివేంది అవ్వా?"

"మోకాళ్ల నొప్పులకు బిడ్డా. దినాం మూడు ఏసుకుంట."

"ఇంకేం మందులు వాడ్తలేనంటివి గదా!"

"గవి మందులా? కిరాణా దుకాణంల అమ్ముతరు!"

రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయని చెప్పాను. "అయితే రెండూ బంద్ జేస్త" అంది. స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే అదింకో ప్రమాదమని మళ్లీ మొత్తుకున్నాను.

చెరకు దించి వెళ్తున్న లారీని ఆపి, ఆమెను నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. నెత్తురెక్కించారు, సాయంత్రానికి తేరుకుంది. రేపటి నుంచి ఎవరినీ మందుల సంగతి అడగను, "పొద్దున లేచినకాన్నుంచి ఏమేం మింగుతున్నవ్?" అనే అడుగుతాను. మీ ఇళ్లలో కూడా ఓసారి అలా అడిగి చూడండి, ఎన్ని పొట్లాలు బయటపడతాయో చెప్పండి.