మా తమ్ముడి ఐక్య వేదిక

మా తమ్ముడు బాలనర్సింహ బర్రెకు పాలు పిండడం ఎప్పుడో మానేశాడు. అయినా ఛత్రినాకలోని మా పాలవాళ్ళ సంఘానికి వాడే అధ్యక్షుడు. తెల్లవారక ముందే లేచి పేడ ఎత్తేది నేను, దాణా కలిపేది నేను, సంతోష్‌నగర్ దాకా క్యాన్లు పంపేది నేను. వాడు పొద్దెక్కాక లేచి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడిగి, మెడలో కండువా వేసుకుని, "అక్కా, మీటింగున్నది, జెర చాయ్ పెట్టు" అంటాడు. మీటింగ్ లేని రోజు వాడికి ఊపిరాడదు. మొగుడు పోయి పుట్టింటికి చేరినదాన్ని కాబట్టి నోరు మూసుకుని చాయ్ పెట్టేదాన్ని.

వాడి బతుకు గురించి చెప్పమంటే ఎంతసేపు? మైకు కనబడితే పట్టుకున్నాడు, దండ కనబడితే మెడ వంచాడు. బళ్ళో మానిటర్, పెద్దయ్యాక బోనాల కమిటీ కార్యదర్శి, చివరికి ఈ అధ్యక్షుడు. బస్తీలో ఎవరింట చావైనా అందరికంటే ముందు వెళ్ళేది వాడే. ఏడ్చేవాళ్ళను ఓదార్చడానికని అనుకునేరు! శవం పక్కన నిలబడి ఫోటో దిగడానికి. సాయంత్రానికి ఆ ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుంది, కింద వాడి హోదాతో సహా. మా అమ్మ పోయినప్పుడు కూడా దిగాడు, సిగ్గులేని వెధవ.

మా గల్లీ వెనకాల ఒక ఖాళీ జాగా ఉండేది. ఇటు సగంలో మేము బర్రెలను కట్టేసుకునేవాళ్ళం. అటు సగంలో క్రైస్తవుల సమాధులు. మధ్యలో మోకాలెత్తు గోడ, అదీ కూలిపోయి ఉంది. మా దూడలు గోడ దాటి వెళ్ళి సమాధుల మీది బంతిపూలు మేసేవి. క్రైస్తవ సంఘం పెద్ద ప్రకాశం అన్న వాటిని మెల్లగా తోలుకొచ్చి, "శారదమ్మా, నీ బిడ్డలకు మా పూలే రుచైనట్టున్నయ్" అని నవ్వేవాడు. నీళ్ళ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య ఆగమ్మ సమాధి ఆ గోడ పక్కనే ఉండేది. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే వచ్చి, ఆ రాయి తుడిచి, కాసేపు కూర్చుని పోయేవాడు.

పోయినేడు ఒక బిల్డర్ ఆ జాగా మొత్తం తనదంటూ కాగితాలు పట్టుకొచ్చాడు. ఫంక్షన్ హాల్ కడతాడట. తాతల నాటి నుంచి వాడుకోవడమే తప్ప మా ఇద్దరి దగ్గరా పట్టా లేదు. విచారణకు వచ్చిన ఆఫీసరు ఒకటే మాట చెప్పాడు. "గోడ విషయంలో మీ రెండు సంఘాలకే పడదని ఈ బిల్డర్ అంటున్నాడు. కాదంటే ఇద్దరూ కలిసి వచ్చి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. జాగా మీ వాడకంలోనే ఉందని రాస్తాను. గొడవలున్నాయంటే మాత్రం నేనేం చేయలేను" అన్నాడు. కలిస్తే ఉంటుంది, కలవకపోతే పోతుంది. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే మాట.

మా తమ్ముడికి మాత్రం కొత్త కుర్చీ దొరికిందని అర్థమైంది. వెంటనే ఐక్య వేదిక అని పేరు పెట్టి మా వాకిట్లోనే మీటింగ్ పిలిచాడు. వేదికకు చైర్మన్ తానేనట, ప్రకాశం అన్న వైస్ చైర్మనట. ఆయన నాకంటే కూడా పెద్దవాడు. అయినా మావాడు "ఏ ప్రకాశం, గట్ల కూసో" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రకాశం అన్న కొడుకు నగేష్ బస్సు డిపోలో మెకానిక్. అతనికి కోపం వచ్చింది. "మా బాపు పేరు కిందెందుకుండాలె?" అని లేచాడు.

"ఉండనీ బిడ్డా. నా పేరు యాడుంటే ఏంది, మీ అమ్మ ఆడుండాలె" అన్నాడు ప్రకాశం అన్న.

నగేష్ తల దించుకుని కూర్చున్నాడు. మా తమ్ముడు మాత్రం "గదీ స్పిరిట్ అంటే!" అని చప్పట్లు కొట్టాడు.

దీపావళి వెళ్ళాక మాకు సదర్ పండుగ. దున్నపోతులకు నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, పూలు కట్టి ఊరేగిస్తాం. విచారణ ఆ తర్వాతి సోమవారం. మన ఐక్యత బస్తీ అంతా చూడాలి, మీవాళ్ళందరినీ తీసుకుని సదర్‌కు రండి అని మావాడు ప్రకాశం అన్నను పిలిచాడు. వాళ్ళూ సంతోషపడ్డారు. ఆడవాళ్ళు చర్చికి కట్టుకునే చీరలు కట్టుకుని, మగవాళ్ళు తెల్లచొక్కాలేసుకుని, మా దున్నపోతులకని పూలదండలు పట్టుకుని మరీ వచ్చారు. నాకు కడుపు నిండిపోయింది.

మా తమ్ముడు స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు. అన్నదమ్ములమన్నాడు, ఒకే రక్తమన్నాడు. ఆ తర్వాత పక్కనున్న గుడ్డ తీశాడు. కింద వరసగా కొత్త డప్పులు.

"మీ తాతలు మా దున్నల ముంగట గీ డప్పు కొట్టిండ్రు. గదే మన పాత దోస్తీ! ఇయ్యాల మళ్ళ మోగాలె. రా ప్రకాశం, మొదటి దెబ్బ నీదే!"

అయ్యో! అవమానించాలని చేసిన పని కాదది. మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు ఆ మూర్ఖుడు. మొహం వెలిగిపోతోంది వాడికి. నేల చీలితే దూకేద్దామనిపించింది నాకు.

ప్రకాశం అన్న స్టేజీ ఎక్కలేదు. కిందనే నిలబడి, "మా అయ్య కొట్టిండు భాయ్. పిలిచినప్పుడల్లా కొట్టి, దూరంగ కూసోని తిన్నడు. నాకు గా పని వద్దనే పస్తులుండి సదివిచ్చిండు" అన్నాడు. చేతిలోని దండను మా దున్నపోతు మెడలో వేసి వెనక్కి తిరిగాడు. వాళ్ళందరూ ఆయన వెంటే వెళ్ళిపోయారు.

"ఏమైందక్కా వీళ్ళకు? కొత్త డప్పులు తెప్పిచ్చిన గద!" అన్నాడు మా తమ్ముడు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఒక్కటీ వాడి చెవికెక్కలేదు.

మర్నాడు నేనే ప్రకాశం అన్న ఇంటికి వెళ్ళాను. నగేష్ మొహం తిప్పుకున్నాడు. ప్రకాశం అన్న కుర్చీ వేసి, "ఆగమ్మ కోసం వస్త శారదమ్మా. గని నీ తమ్ముని పక్కన నా పేరు రాయ. నువ్వు సంతకం పెట్టు, నీ పక్కన పెడ్త" అన్నాడు. మా పాలవాళ్ళను అడిగితే అందరూ సరేనన్నారు. మా తమ్ముడికి చెప్పాను. కండువా ఇస్త్రీ చేసుకుంటూ విన్నాడు.

సోమవారం ఆఫీసులో కాగితం నా ముందుకు వచ్చింది. పెన్ను పట్టుకున్నానో లేదో మా తమ్ముడు లేచాడు.

"సార్, సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. నా సంతకం లేని కాగితం చెల్లదు."

"మీవాళ్ళందరూ ఈమెనే పెట్టమంటున్నారు కదా, మీకేం అభ్యంతరం?" అన్నాడు ఆఫీసరు.

"ఒరేయ్, ఊ అనురా. ఒక్క ఊ అను. నీ కాల్మొక్కుత" అన్నాను, పెద్దదాన్నయి ఉండి, అందరి ముందు.

వాడు కండువా సర్దుకున్నాడు. "గట్లయితే అధ్యక్షునికి ఇజ్జత్ ఏముంటది సార్?" అన్నాడు.

బిల్డర్ తరఫు వకీలు నవ్వుతూ, "నేను చెప్పలేదా సార్, గొడవలున్నాయని" అన్నాడు. ఆఫీసరు కాగితం వెనక్కి తీసుకున్నాడు. ప్రకాశం అన్న గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

జాగా చుట్టూ బిల్డర్ రేకులు లేచాయి. కట్టేసే చోటు లేక బర్రెలను అమ్మేశాను. మిగతావాళ్ళూ అదే చేశారు. పాలవాళ్ళ సంఘంలో ఇప్పుడు పాలమ్మేవాళ్ళు ఒక్కరూ లేరు. మా తమ్ముడు మాత్రం అధ్యక్షుడిగానే ఉన్నాడు.

మొన్న సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు క్రైస్తవులు తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ప్రకాశం అన్నను వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. ఆగమ్మ ఎటువైపు ఉందో అంచనా వేసుకుని, రేకుల బయట రోడ్డు మీదే కొవ్వొత్తి వెలిగించాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. బస్సులు, ఆటోలు మా కాళ్ళను రాసుకుంటూ పోతున్నాయి.

అంతలో మా తమ్ముడు స్కూటర్ మీద వచ్చాడు. బండి దిగకుండానే ఫోన్ తీసి ఆయనను ఫోటో తీసుకున్నాడు.

"గిక్కడనే ధర్నా పెడదాం ప్రకాశం. మీవాళ్ళను తోల్కరా. అధ్యక్షత నేను వహిస్త."

ప్రకాశం అన్న తల తిప్పలేదు. కొవ్వొత్తి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం ఆగలేకపోయాను. ఆ స్కూటర్ తాళంచెవి పీకి పక్కనున్న మురుగు మోరీలో పడేశాను.

"నడువు. తోసుకుంట పో అధ్యక్షా" అన్నాను.