చీకట్లో మగ్గం చప్పుడు

మడికొండలో నా అద్దె గదికి ఎదురుగా ఈమధ్య చిన్నపిల్లల బడి పెట్టారు. పొద్దున తొమ్మిదింటికి ప్రార్థన. అయిదు నిమిషాలు ఆలస్యమైతే నాకు చిరాకు. వెళ్లి వాళ్ల గడియారం సరిచేసి రావాలనిపిస్తుంది. నిన్న ప్రార్థన అయ్యాక టీచరు, "కళ్లు మూసుకుంటే దేవుడు కనిపించాడా?" అని అడిగింది. కనిపించాడని పిల్లలంతా ఒక్కటే అరుపు. కాదనే గొంతు ఒక్కటైనా ఉందేమోనని చెవి ఒగ్గి విన్నాను. లేదు.

1979 జూన్ 11, సోమవారం నాడు, వరంగల్‌లో నేతవాళ్ల వాడలోని భజన మందిరం వాళ్ల శిశు తరగతికి టీచరుగా చేరాను. అప్పటికి నా భర్త పోయి ఏడాది దాటింది. మందిరం వెనక గదే నా ఇల్లు. తరగతి నడిపే పెద్దాయన దయగలవాడే కానీ, భక్తిని కూడా ఎక్కాల్లా అప్పజెప్పించుకోవాలనే మనిషి. రోజూ పిల్లల్ని దీపం ముందు కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ఏం కనబడిందో అడిగేవాడు. చెప్పినవాళ్ల దోసిట్లో బెల్లం అటుకులు పడేవి. అందుకని అందరికీ కృష్ణుడే కనబడేవాడు. ఒకడికి కృష్ణుడి పక్కన ఆవు, ఆవు పక్కన దూడ, అటుకులు ఇంకా పడకపోతే దూడ పక్కన ఇంకో దూడ. తల్లి లేని ఒక అయిదేళ్ల పిల్ల మాత్రం రోజూ, "ఏం లేదు, చీకటే" అనేది.

పెద్దాయన విసిగిపోయాడు. "టీచరమ్మా, ఈ పిల్లకు జర నేర్పుండ్రి. లేకుంటే ఇంటికి తోలుదాం. కండెలు చుట్టుకుంట వాళ్ల నాయిన కాడనే ఉంటది" అన్నాడు. ఆ తండ్రికి దారం కండెలు చుట్టే చెయ్యి కావాలి. పంపితే పిల్ల మళ్లీ బడికి రాదని నాకు తెలుసు. కృష్ణుడని చెప్పు బిడ్డా అంటే సరిపోయేది. నోరు రాలేదు. కళ్లు మూస్తే నాకూ చీకటే. అది చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు.

మర్నాడు పెద్దాయన ముందే పిల్లను అడిగాను. "బిడ్డా, ఆ చీకట్ల ఏమన్న వినవడ్తదా?"

"మా నాయిన మగ్గం సప్పుడు."

"వాడకట్టుల ఇన్ని మగ్గాలుంటే మీ నాయినదేదో నీకెట్ల ఎరుక?" అన్నాడు పెద్దాయన.

"ఎరుకైతది తాతా. అది ఆగితే భయమైతది."

"అప్పుడేం జేస్తవ్?"

"మల్ల నడ్వాలని దండం బెడ్త."

 పెద్దాయన పిల్ల దోసిలి నిండా అటుకులు పోశాడు. ఆనాటి నుంచి ఏం కనబడిందని ఎవరినీ అడగలేదు. దూడల పిల్లవాడికి మాత్రం ఇది పెద్ద అన్యాయంగా తోచింది. ఆ పిల్ల పై ఏడాది కూడా నా దగ్గరే కూర్చుంది.

తర్వాతి ఏళ్లలో ఆ వాడ మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నిన్న ప్రార్థన ముగిశాక నేనూ కళ్లు మూసుకున్నాను. పక్కింట్లో ఎవరో పిండి రుబ్బుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా కదల్లేదు. తేదీలన్నీ నాకు గుర్తే. కాలం మాత్రం గోడ అవతల ఎవరో పని చేసుకుంటున్న చప్పుడులాంటిది. ఎంతసేపు తోడున్నదో ఆగినప్పుడే తెలుస్తుంది.