ఎలుక ఊపిరితిత్తిలో ఎదురు నీళ్లు

ఆ రోజుల్లో, అంటే సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే చాలు సగం శాస్త్రవేత్తనైపోయినట్టేనని నమ్మిన ఇరవై నాలుగేళ్ల వయసులో, నేను బతికింది నేల మీద కాదు, ఎలుక ఊపిరితిత్తిలో. పొద్దున్నే అంగలకుదురులో ఇడ్లీ తిని, తెనాలిలో రైలెక్కి, బాపట్లలో ఓ చిన్న పరిశోధనశాలకు వెళ్లేదాన్ని. మత్తులో నిద్రపోతున్న ఎలుక పక్కటెముకల మధ్య చిన్న అద్దపు కిటికీ అమర్చి, బతికున్న ఊపిరితిత్తిని చూడటం మా పని. ఊపిరి తీసినప్పుడల్లా బొమ్మ చెదిరిపోయేది. అందుకని కిటికీ అంచునుంచి గాలి మెల్లగా లాగి, ఊపిరితిత్తిని అద్దానికి ఆనించి పట్టుకునేవాళ్లం (తోడుగా నేనూ ఊపిరి బిగపట్టేదాన్ని, దానివల్ల ఎలుకకేం లాభమో ఇప్పటికీ తెలియదు). చీకటి గదిలో తెర మీద శోషరస నాళాలు ఆకుపచ్చగా వెలిగేవి. ఊపిరితిత్తిలో ఊరిన నీటినీ చెత్తనీ బయటికి మోసుకుపోయే సన్నని కాలువలవి. వాటిలో కణాలు మిణుకుమిణుకుమంటూ కుడివైపుకి, ఛాతీ మధ్యకి తేలిపోతుంటే నాకు అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు.

చిక్కల్లా జబ్బు ఎలుకలతో వచ్చింది. ఊపిరితిత్తులు వాచిన నాలుగు ఎలుకల్లో కణాలు ఎడమవైపుకి, మళ్లీ లోపలికే వెళ్తున్నాయి. ఏమిటీ తిక్క వేషాలు! కాలువల మధ్య పుట్టినదాన్ని, మురుగు పల్లానికే పోతుందని నాకు ఎలుక చెప్పాలా? నేనే వాటిని తిరగేసి పడుకోబెట్టుంటానని తీర్మానించుకుని, నాలుగు వీడియోలనూ అద్దంలో బొమ్మలా తిప్పేశాను. పరిశోధనశాల నడిపే మా సార్ చూసి, "జబ్బులో కూడా చక్కగా పారుతోందన్నమాట. సోమవారం మనకు డబ్బులిచ్చే కమిటీ వస్తోంది, నువ్వే చూపించమ్మా. నచ్చితే నీ ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తారు" అన్నారు. గాల్లో తేలుతూ ఇల్లు చేరాను.

ఆదివారం రేపల్లె దగ్గర పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. సాయంత్రం ఇద్దరం చేలపక్కన మురుగుకాలువ గట్టు మీద కూర్చున్నాం. గుర్రపుడెక్క ఊదా పూలతో సహా నెమ్మదిగా తేలిపోతోంది. చూస్తూ చూస్తూ కలలోకి జారుతున్నదాన్ని ఉలిక్కిపడ్డాను. అది పోతున్నది సముద్రం వైపు కాదు.

"పెద్దమ్మా! ఏంటిది, నీళ్లు వెనక్కి పోతున్నాయి?"

"పోటు టైమే పిల్లా. అవతల సముద్రం నిండితే మురుగెటు పోద్ది? చేలోకే ఎగదన్నిద్ది. ఇంత చదువు చదివావు, ఇదీ తెలవదా? మీ తెనాలోళ్లకి కాలవ లాకు ఎత్తితే నీళ్లొస్తయ్, దించితే ఆగుతయ్, అంతేగా!"

అంటే మురుగు వెనక్కీ పోగలదన్నమాట. ఎలుకలు నిజమే చెప్పాయి. అబద్ధమాడింది నేను. ఆ పూట పెద్దమ్మ పెట్టిన రొయ్యల కూర నాకు గడ్డి తిన్నట్టే ఉంది.

సోమవారం కమిటీ రాకముందే సార్ గదిలో నిలబడ్డాను.

"సార్, జబ్బు ఎలుకల వీడియోలు నేను తిప్పానండి."

"తిప్పడమేంటమ్మా?"

"వెనక్కి పోతుంటే తప్పనుకుని సరిచేశానండి."

సార్ అసలు వీడియోలు పెట్టించుకుని చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇవే చూపించు. తిప్పానని కూడా నువ్వే చెప్పు" అన్నారు, నా మొహం చూడకుండా. చెప్పాను. కమిటీ ఏడాది ఇవ్వలేదు, మూడు నెలలిచ్చింది, అదీ కొత్త ఎలుకలతో, పక్కనొకరి కాపలాతో. కొత్తవాటిలోనూ నీళ్లు వెనక్కే నడిచాయి. వాచిన నాళాల్లో తలుపుల్లాంటి కవాటాలు సరిగ్గా మూసుకోవడం లేదు. ఆ వెనక్కి నడక వెంటే పడ్డాను, అలా మూడు నెలలు ముప్పావు జీవితమయ్యాయి.

ఇరవై నాలుగేళ్ల ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అదంతా పొగరేనని చాలాకాలం తిట్టుకున్నాను. పొగరొక్కటే కాదు. జబ్బుపడ్డ ఊపిరితిత్తిలో కూడా నీళ్లు చక్కగా బయటికి పోవాలని మనసారా కోరుకుంది, పిచ్చి మొద్దు. ఇప్పుడు నేనేమీ కోరుకోను, ఉన్నది ఉన్నట్టు చూస్తాను. జీతమిచ్చేది అందుకేగానీ, ఆ పిల్లంటేనే నాకు ఎక్కువ ఇష్టం.