పెంచి ఇచ్చిన పిల్ల

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క ఫ్రేములు బిగించే యేసుమణికి ఒక అలవాటు ఉండేది. పొయ్యి మీద నుంచి ఏది దించినా మొదటి గరిటె ఇల్లు దాటి పోవాల్సిందే. వీధి చివరి ముసలామెకో, జ్వరంతో పడుకున్న తోటి కూలీకో అది చేరాకే ఆమె కంచం ముందు కూర్చునేది. భర్త సుబ్బయ్య పలకల గనిలో దుమ్ము మింగి మింగి, ఊపిరితిత్తులు చెడి చనిపోయిన ఏడు కూడా ఆ అలవాటు మానలేదు. దేవుడు పెట్టింది తన గడప దగ్గర ఆగిపోకూడదు అనేది. పిల్లలు లేరు. రెండు కాన్పులు నిలవలేదు.

పక్క వాటాలో లారీ డ్రైవరు రఫీ కాపురం. అతని భార్య తబస్సుమ్ ఆడపిల్లను కని, నలభై రోజులు నిండకుండానే కన్నుమూసింది. రఫీ తల్లి రహమత్‌బీకి పక్షవాతం. లారీ ఎక్కకపోతే ఇల్లు గడవదు. పసిదాన్ని రెండు చేతుల మీద పట్టుకుని అతను వాకిట్లో నిలబడితే, యేసుమణి చేతులు కడుక్కుని వచ్చి అందుకుంది. సుబ్బయ్యను తిన్న దుమ్ము పిల్లకు తగలకూడదని ఫ్యాక్టరీ మానేసి, ఫ్రేముల పని ఇంటికే తెచ్చుకుంది.

పిల్ల పేరు మహజబీన్. తబస్సుమ్ కడుపుతో ఉన్నప్పుడే అనుకున్న పేరు. పేరు మార్చి, చర్చిలో బిడ్డను దేవుడికి ప్రతిష్ఠ చేయించమని సంఘంలో ఆడవాళ్లు చెప్పి చూశారు.

"కన్నతల్లి పెట్టిపోయిన పేరు. తీసేసే హక్కు నాకేడిది?" అంది యేసుమణి.

ఆదివారం చంకనేసుకుని చర్చికి పోయేది. శుక్రవారం తలంటి, తలకు గుడ్డ కట్టి, రహమత్‌బీ మంచం పక్కన కూర్చోబెట్టి దువా నేర్పించేది. పిల్ల మొదటిసారి 'అమ్మా' అన్న రోజున యేసుమణి లోపలికి పోయి తలుపేసుకుని ఏడ్చింది. ఆ పిలుపు తబస్సుముదని ఆమెకు తెలుసు. అయినా మళ్లీ అంటుందేమోనని వెంటనే తలుపు తీసింది.

నాలుగేళ్లు గడిచాయి. రహమత్‌బీ పోయింది. రఫీ దర్శిలో షమీమ్ అనే అమ్మాయిని చేసుకుని, అక్కడే మామ మెకానిక్ షెడ్డులో కుదురుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే షమీమ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇచ్చిన నీళ్లు తాగి, ఖాళీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. అడగలేకపోతున్నాడని యేసుమణికి అర్థమైంది.

"పాప కోసరం వచ్చినావు గదా రఫీ."

అతను తల వంచుకున్నాడు. "నువ్వు వద్దంటే ఇట్లనే ఎల్లిపోతా అక్కా."

ఆ మాటే ఆమె మీద బండరాయిలా పడింది. వద్దంటే నిజంగానే పోతాడు. సొంత అక్క కృష్ణమ్మ ఆమెను పెరట్లోకి లాక్కుపోయి, ఇయ్యనని తెగేసి చెప్పమంది. పాస్టరు కరుణాకరం కూడా పెద్దలతో మాట్లాడి చూద్దామన్నాడు. యేసుమణి మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద ఉంది. పిల్లను నాకే ఉంచు తండ్రీ అని అడగబోయింది. ఆ బిడ్డకు తండ్రీ తల్లీ వచ్చి వాకిట్లో కూర్చుంటే, వాళ్లను పంపేయమని దేవుణ్ని ఎట్లా అడుగుతుంది?

లేచి వచ్చి, తీసుకుపొమ్మని రఫీతో చెప్పింది. అయితే షమీమ్‌ను పది రోజులు తన దగ్గర ఉంచి పొమ్మంది. పిల్లకు అలవాటు కావాలి కదా.

ఆ పది రోజులూ తన బిడ్డను తనకు కాకుండా చేసుకునే పని తన చేతులతోనే చేసింది. రొట్టె ఎంతసేపు పాలలో నానాలో, వీపు మీద ఎక్కడ నిమిరితే నిద్రపోతుందో షమీమ్‌కు నేర్పింది. మూడో రోజు పిల్ల వాకిట్లో పడి మోకాలు గీరుకుని 'అమ్మా' అంటే, లేవబోయి ఆగిపోయింది. "పో తల్లీ, నువ్వు పో" అని షమీమ్‌ను పంపింది. ఐదో రోజు నుంచి తన పక్క వసారాలోకి మార్చుకుంది. ఆ తర్వాత లేని పనులు కల్పించుకుని బయటికి పోయి పొద్దుగూకినాక వచ్చేది. పదో రోజుకు మహజబీన్ షమీమ్ చేతి ముద్ద తింటూ నవ్వుతోంది. అది చూసి షమీమే ఏడ్చింది.

"నీకెట్ల చాతవుతుంది అక్కా?"

"చాతగావడం లేదు తల్లీ. చేస్తున్నా, అంతే."

బస్టాండులో పిల్ల ఏడవలేదు. కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపింది.

రెండు ఆదివారాలు యేసుమణి చర్చికి పోలేదు. కరుణాకరం చూడవచ్చాడు.

"ఇచ్చేది సంతోషంగా ఇయ్యాలని చెప్తారు గదా అయ్యగారూ," అంది. "ఇచ్చినా. సంతోషమే రాలేదు."

ఆయన ఏదో వాక్యం చెప్పబోయి మానుకున్నాడు. చాప మీద కూర్చుని, ఆమె ముందున్న ఫ్రేము ముక్కలు ఒక్కొక్కటే అందించసాగాడు.

ఆరు నెలలకు రంజాన్ పండక్కి రమ్మని షమీమ్ ఫోన్ చేస్తే దర్శి వెళ్లింది. మహజబీన్ ఒళ్లు చేసింది, కొత్త గౌను వేసుకుంది. షమీమ్ చున్నీ వెనక నుంచి తొంగి చూసింది. "మార్కాపురం పెద్దమ్మ వచ్చింది, పో" అని షమీమ్ ముందుకు తోస్తే, వచ్చి యేసుమణి వేలు పట్టుకుంది. కాసేపటికి వదిలేసి ఆడుకోను పోయింది. యేసుమణి సేమ్యా తిని, బాగా చూసుకుంటున్నావని షమీమ్ తల మీద చెయ్యి పెట్టి, సాయంత్రం బస్సెక్కింది.

పొదిలి వచ్చేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. పక్క సీటులో కూర్చున్నామె చూడలేక భుజం మీద చెయ్యేసి, ఎవరన్నా పోయినారా వదినా అని అడిగింది.

"లేదమ్మా," అంది యేసుమణి. "పిల్ల బాగుంది."