సిరాబుడ్డి అడుగున

మా వైపు ఇంటికొచ్చినవాళ్ళు ఏదైనా చూసి బాగుందంటే "మీదే అనుకోండి" అంటాం. చీరైనా అంతే, కొత్త సోఫా అయినా అంతే. అన్నాం కదా అని ఎవరూ సోఫా మోసుకుపోరు. నేను మాత్రం ఇప్పుడా మాట మానేశాను. "థాంక్సండీ" అని ఊరుకుంటున్నాను.

పాత సిరాబుడ్లు పోగెయ్యడం నా పిచ్చి. స్కూలు బెంచీ చిల్లులో కూర్చోబెట్టే పింగాణీ బుడ్లు, బోర్లా పడినా ఒలకని గాజు బుడ్లు, తాటాకు మీద రాసే ఇనప గంటాలు రెండు, తుప్పుపట్టిన పాళీలు డబ్బాడు ఉన్నాయి నా దగ్గర. "ఈ ఇంట్లో రాసేది పాలవాడి నంబరొక్కటే, దానికి ఇన్ని బుడ్లా!" అని మా ఇంటాయన ఏడిపిస్తారు.

ఇదే పిచ్చి ఉన్న ఇంకో మనిషి గవర్నర్‌పేటలో ఉండే రిటైర్డ్ లెక్చరర్ గారు. పదేళ్ళ కిందట మైలవరంలో పాత ఇత్తడి సామాన్ల కొట్లో ఒకే బుడ్డిని ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఆయనే నవ్వి వదిలేసి, "తీసుకో చెల్లెమ్మా" అన్నారు. అప్పట్నుంచీ ఆయన నాకు అన్నయ్యగారు. ఉయ్యూరులో ఎవరో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే ముందు నాకే ఫోను. రెల్లు కలం ఎలా చెక్కాలో, గంటంతో గీసిన తాటాకు మీద మసి ఎందుకు పూస్తారో నాకు చెప్పిందీ ఆయనే. సొంత అన్నయ్యని కూడా అంత నమ్మలేదు నేను.

ఆయనకి తిరిగి నేను చెప్పింది ఒక్కటే, మా అమ్మమ్మ బుడ్డి సంగతి. అరచేతిలో ఇమిడే ఇత్తడి బుడ్డి అది. అమ్మమ్మ వాళ్ళది మగ్గాల ఇల్లు. పగలంతా మగ్గానికి నూలు కండెలు చుట్టి, పొద్దువాలాక వీధిలో ఆడవాళ్ళ కోసం వాళ్ళ పుట్టిళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేది. ఆముదం దీపం మసి, తుమ్మజిగురు కలిపి సిరా తనే నూరుకునేది. "ఆడదానికి ఈ రాతలేంటే!" అని తాతయ్య ఒకరోజు బుడ్డిని గోడకేసి కొట్టాడట. అంచు నొక్కుకుపోయింది. మర్నాడు మళ్ళీ అందులోనే కలం ముంచింది.

ఆమె నూరిన సిరా ఆ బుడ్డి అడుగున అట్టకట్టి అలాగే ఉండేది. ఏటా సరస్వతీ పూజ రోజు ఒక్క నీటిచుక్క వేస్తే కాస్త కరిగేది. కలం ముంచి "శ్రీ" ఒక్కటే రాసి మూత పెట్టేసేదాన్ని. నేను పోయేదాకా రావాలని అంత పొదుపు. ఇదీ చెప్పాను ఆయనకి. నా నోరు పడిపోనూ!

మొన్న ఎండాకాలంలో ఒకరోజు అన్నయ్యగారు వచ్చారు. గవర్నర్‌పేటలో చిన్న హాల్లో పాత రాత సామాన్ల ప్రదర్శన పెడుతున్నారట. బుడ్డి చేతిలోకి తీసుకుని, "ఎంత బాగుందో! మూడు రోజులు ఇస్తావా చెల్లెమ్మా?" అన్నారు.

"అడగాలా అన్నయ్యగారూ, మీదే అనుకోండి. లోపల మాత్రం తడి తగలనివ్వకండి" అన్నాను.

రెండో రోజు వెళ్ళాను. బుడ్డి గాజు పెట్టెలో ఉంది. ముందు అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: "స్వాతంత్ర్యోద్యమంలో మా తాతగారు రహస్యంగా కరపత్రాలు రాసిన సిరాబుడ్డి. అంచున నొక్కు పోలీసు లాఠీ దెబ్బ." లాఠీ అట, లాఠీ! పక్కనే ఆయన పదిమందికి వివరిస్తున్నారు. "దీపం మసి, తుమ్మజిగురు కలిపి సిరా తాతగారే నూరుకునేవారండీ." అన్నీ నా మాటలే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటండీ అన్నయ్యగారూ?" అన్నాను.

"నువ్వేగా చెల్లెమ్మా, నాదే అనుకోమన్నావు!" అన్నారు. అందరూ నవ్వారు. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. "కండెలు చుట్టుకునే ఆవిడ ఉత్తరాలంటే ఎవరు ఆగి చూస్తారమ్మా? పెద్ద మనసు చేసుకో."

"అనుకోమన్నానండీ. తీసుకోమన్నానా?" హాలంతా వినబడేలా అడిగాను. గాజు మూత ఎత్తి, బుడ్డి తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అట్టముక్క మాత్రం ఆయన తాతగారి కోసం అక్కడే ఉంచాను.

హాల్లో లైట్ల వెలుగనుకున్నాను గానీ, ఆటోలో బుడ్డి బయటికి తీసి చూస్తే కొత్త చెంబులా మెరుస్తోంది. మూత తీశాను. లోపల కూడా అదే మెరుపు, చింతపండు వాసన. వెంటనే ఫోన్ చేశాను.

"తోమించారా?"

"లోపలా బయటా. అడుగున మురికి గట్టిగా పట్టేసిందమ్మా, పుల్ల పెట్టి గీకిస్తేగానీ రాలేదు. థాంక్స్ చెప్తావనుకున్నాను."

మురికి అన్నారు. అది మురికి కాదని లోకంలో నేను చెప్పింది ఆయనొక్కరికే. ఫోన్ పెట్టేశాను.

ఇంటికొచ్చి, తెలిసి తెలిసి, బుడ్డిలో ఒక నీటిచుక్క వేశాను. కలం ముంచి కాగితం మీద "శ్రీ" అని రాశాను. అక్షరం తడిగా కాసేపు కనబడింది. ఫ్యాను గాలికి అది ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.