బావమరిది మెడ

పోలీసు జీపు చప్పుడైతే చాలు, ఊళ్లో యువకులంతా చేలకు అడ్డంపడి పరుగెత్తే రోజులవి. దొరికితే నక్సలైట్ల దళానికి అన్నం పెట్టారని తీసుకెళ్లి కొట్టేవారు.

సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే నాకు ముప్పై దాటినా ఈత రాదు. ఎండాకాలం గంభీరావుపేటలో అత్తగారింటికి వెళ్తే, బావమరిది రాజం నా నడుముకు ఎండు బెండ్లు కట్టి పొలం బావిలోకి దింపాడు.

బావి మధ్యకు చేరామో లేదో, గట్టు మీద ఎవరో "పోలీసోళ్లు అచ్చిండ్రు!" అని అరిచారు. ఈదుతున్నవాళ్లంతా మెట్లెక్కి ఉరికారు. భయంతో నేను రాజం మెడను రెండు చేతులా కరచుకున్నాను.

"బావా, ఇడిశిపెట్టు. బెండ్లున్నయ్, నువ్వు మునుగవు" అని బతిమాలాడు. నేను వదల్లేదు. తలుచుకుంటే నన్ను విదిలించుకుని పోగలడు. పోలేదు. నన్ను మెట్ల దాకా లాక్కొచ్చేసరికి పైన తుపాకులతో పోలీసులు నిలబడి ఉన్నారు.

"గీ వయసుల ఈతేందిరా? వాగు దాటి ఎవలకు అన్నం మోస్తరు?" అని ఒకడు నన్ను గద్దించాడు. మా మామ పరుగున వచ్చి నేను తన అల్లుణ్ణని చెప్పడంతో నన్ను వదిలేశారు. రాజాన్ని జీపెక్కించారు.

మూడోనాడు వాచిన అరికాళ్లతో కుంటుతూ వచ్చాడు. నేను తలెత్తలేకపోయాను. తనే నవ్వాడు.

"కాళ్లు తగ్గినంక మల్ల పోదాం బావా. గీసారి మెడ వట్టకు."

వెళ్లాం. బావి మధ్యలో రెండు చేతులూ వదిలేశాను. బెండ్లు నన్ను తేల్చాయి.

ఆ రోజు కూడా తేలేవాణ్ణే.