నిండు పియాలా

వయసులో చిన్నదాన్ని కాబట్టి బిష్కెక్‌లోని మా ఆఫీసులో టీ పోయడం నా వంతు. పియాలా గిన్నెలో సగమే పోయాలి. సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే తాగి బయల్దేరమని. మా అందరికీ అక్క వరసైన బురుల్ ఎజేకి నాలుగేళ్ళు సగమే పోశాను.

ఆమె మా సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించేది. యాభై దాటిన మనిషి, నోరు మహా పదును. ఆసుపత్రులు పంపే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళు చదివి, క్షయ రోగుల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్ అది. ఒక మధ్యాహ్నం ఎజే డైరెక్టర్ తోక్తొసున్ గదిలోకి వెళ్ళి, తలుపైనా వేయకుండా, పెద్దన్నని పిలిచినట్టు బైకే అంటూ మొదలుపెట్టింది.

"బైకే, ఫైళ్ళు చదివే మన పార్సర్ అందులో ఏం రాసుంటే అది చేసేస్తోంది. మీ సర్వర్లో ఫలానా ఫైలు తెచ్చివ్వమని ఎవడైనా రాసి పంపితే, తెచ్చి చేతిలో పెడుతోంది. నేనే పంపి చూశా. ఒక్క సెట్టింగ్ ఆపేస్తే చాలు."

"ఆపితే మా వియ్యంకుడి ఆసుపత్రి ఫైళ్ళు ఆగిపోతాయి. పాతవి కదా, పక్క ఫైళ్ళని అలాగే తెప్పించుకుంటాయి."

"వాళ్ళనే మార్చుకోమనండి."

"మొన్ననేగా పిల్లనిచ్చాను. నీ ఫైళ్ళు బాగాలేవని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"రోగుల పేర్లు బజార్న పడితే ఏ మొహం పెట్టుకుంటారు?"

"నీకెందుకమ్మా అంత కంగారు? నీ పేరేమన్నా ఉందా అందులో?"

ఎజే బయటికొచ్చేసింది. మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను.

మూడు వారాలకి ఆ రోగుల జాబితా జనం ఫోన్లలో తిరిగింది. ఎవడో ఆ ఒక్క మాటే రాసి ఫైలు పంపాడు. మా సాఫ్ట్‌వేర్ బుద్ధిగా తెచ్చిచ్చింది. రెండు వేల చిల్లర పేర్లలో బురుల్ ఎజే పేరుంది. జబ్బు నయమై పదకొండేళ్ళు. కన్నకొడుక్కి కూడా చెప్పుకోలేదట.

తోక్తొసున్ అప్పుడు ఆ సెట్టింగ్ ఆపించాడు. వియ్యంకుడి వాళ్ళు రెండు రోజుల్లో ఫైళ్ళు మార్చేసుకున్నారు. అడిగితే అయ్యే పని. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఎజే పక్కన కూర్చోడానికి ఆఫీసులో ఒక్కరూ రాలేదు. తోక్తొసున్ నన్ను పిలిచాడు.

"ఆమెని పొమ్మని మనం నోటితో అనలేం. టీ పోసేది నువ్వేగా, అయిజాత్."

కాదంటే ఉద్యోగం పోయేదని చాలామందికి చెప్పాను. పోయేది కాదు.

అంచు దాకా పోశాను. ఎజే పియాలాని చూసి, తర్వాత నన్ను చూసింది.

"చెయ్యి వణక్కుండా పోశావే," అంది. "బాగా నేర్చుకున్నావ్."

మొత్తం తాగింది. పియాలా కడిగి తుడిచింది.

"దీంతో ఇక్కడెవరూ తాగరులే," అని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.